పన్నెండు పక్కన చుక్క

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. వచ్చిన విద్య కూడా ఏదీ లేదన్న సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది, అంతే. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక రకం మత్తు ఉంటుంది. లోకంలోని చిక్కుముడులన్నీ మనమొచ్చి విప్పుతామని కాచుకుని కూర్చున్నట్టే అనిపిస్తుంది. హైదరాబాద్‌లో నాలుగు ఇంటర్వ్యూల్లో నాకు మర్యాదగా గుమ్మం చూపించారు. పాపం, వాళ్ల అదృష్టం బాగాలేదని జాలిపడి, బస్సెక్కి నారాయణఖేడ్‌లో అక్కావాళ్లింట్లో దిగాను. వారం తిరక్కుండానే బావ దుకాణంలో పరిశోధన శాఖకు అధిపతినయ్యాను. (శాఖలో నేనొక్కదాన్నే. శాఖ కార్యాలయం పాత మిక్సీల అరకూ మోటారు స్టార్టర్ల కుప్పకూ మధ్య వేసిన స్టూలు. దానికి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.)

మా బావను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, గ్యారంటీ అంటారు. కాటా గానీ మిక్సీ గానీ రిపేరుకు తెచ్చినవాళ్లు సంచి మూతి విప్పకముందే "గ్యారంటీ, నాది పూచీ" అనేసేవాడు. లోపల ఏముందో చూడటం ఆ తర్వాతి పని. అదే వస్తువు మూడోసారి తిరిగొచ్చినా మొహంలో మార్పుండదు. "వస్తువుకు మనమంటే పాయిరం, అందుకే వస్తుంది" అనేవాడు. మనిషి మాత్రం బంగారం, ఆ మాట నిక్కచ్చిగా చెబుతాను.

అలాంటి బావ ఒక గ్యారంటీని నా నెత్తిన పెట్టాడు. బావ తల్లి, అంటే మా అత్త, నాగల్‌గిద్ద దిక్కు పల్లెలో కంది వేస్తుంది. కర్ణాటక అంచు కావటంతో కోపమొస్తే "సాకు, సాకు" అని, అంటే చాలు చాలని, కన్నడంలో కసురుతుంది. అంతకు ముందటేడు ఆమె ట్రాక్టర్ నిండా కందులు వేసుకుని కొనుగోలు కేంద్రానికి వచ్చింది. కందుల్లో తేమ నూటికి పన్నెండు దాటకూడదని అక్కడి రూలు. వాళ్లు గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి చూసి, తేమ ఎక్కువుంది, వెనక్కి తీసుకుపొమ్మన్నారు. తెలిసిన ఊళ్లవాళ్లంతా చూస్తుండగా ఆమె ట్రాక్టర్ మళ్లించుకుని పోవాల్సి వచ్చింది. "అంత మందిల నన్ను పచ్చిగింజలు తెచ్చినదాన్ని చేసిన్రు" అని ఏడాదంతా అదే మాట. అన్నం ముందు కూర్చున్నా అదే, అద్దం ముందు తల దువ్వుకున్నా అదే. చివరికి బావ ఒకరోజు గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మా, ఈసారి నువ్వు ఇంట్లనే తేమ చూస్కొని పోతవు. మిషన్ మేమే తయారు చేస్తం. సెంటర్ తెరిచేటాలకు నీ చేతిల ఉంటది. గ్యారంటీ!" అన్నాడు. సెంటర్ తెరవడానికి నెల కూడా లేదు. మేము అంటే ఎవరో నాకు మరునాడు తెలిసింది.

సామాను బావే తెచ్చాడు. ఒక టిఫిన్ డబ్బా, అందులో పట్టే స్టీలు గ్లాసు, గ్లాసు లోపల అంటించడానికి రెండు రేకులు (వాటి మధ్య గింజలు పోస్తే తేమను బట్టి కరెంటు మారుతుంది, దాన్ని అంకెగా చూపించాలి), ఒక గోనెసంచి నిండా పాత సర్క్యూట్ బోర్డులు. ఒకప్పుడు బస్సుల్లో టికెట్లు కొట్టే మిషన్లలోవట. తుక్కులో తూకానికి దొరికాయి. ఏ బోర్డుకు కరెంటు ఇచ్చినా బుల్లి తెర మీద ముందు "శుభ ప్రయాణం" అని పడేది. ఆ మాట లోపల ఎక్కడ దాక్కుందో ఎంత వెతికినా దొరకలేదు. సరే, మర్యాదస్థురాలైన మిషన్ అని వదిలేశాను.

మొదటి మిషన్ వారంలో తయారైంది. అత్త చెంబుడు కందులు తెచ్చింది. గ్లాసులో పోశాం. తెర మీద శుభ ప్రయాణం, ఆ వెంటనే 12. నేను స్టూలు మీంచి ఎగిరాను (ఇటుక పడిపోయింది). బావ అప్పుడే ఇద్దరు గిరాకీలకు గ్యారంటీ ఇచ్చేశాడు. అత్త మాత్రం అవే గింజలు చెంబులో పోసుకుని, సందు చివర పప్పు మిల్లుకు వెళ్లి, అక్కడి మిషన్‌లో చూపించుకుని తిరిగొచ్చింది.

"ఏందే పోరీ, నీ డబ్బ పన్నెండు అంటుంది. మిల్లోడు పన్నెండు పాయింట్ తొమ్మిది అంటుండు. గా ఎనకది ఎవరు మింగిన్రు?"

మింగింది నేనే. చుక్క తర్వాత అంకెల జోలికి పోకుండా లెక్కంతా నిండు అంకెల్లో చేశాను. పన్నెండున్నరైనా, పన్నెండు ముప్పావైనా నా డబ్బాకు పన్నెండే. ఆ మాట నమ్మి ట్రాక్టర్ ఎక్కి ఉంటే అత్తకు రెండో ఏడూ అదే పరాభవం జరిగేది, ఈసారి నా చేతి మీదుగా. దశాంశాలు పెట్టి తీరాలనుకుని ప్రోగ్రాం మార్చి, నెట్‌లో రెడీగా దొరికిన కంపైలర్‌తో (మనం రాసిన దాన్ని చిప్ భాషలోకి మార్చే ప్రోగ్రాం అది) తయారుచేసి బోర్డులోకి ఎక్కించాను. శుభ ప్రయాణం అంది. ఆ తర్వాత నా లాప్‌టాప్ తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

సంగతేమిటంటే, చుక్క లెక్కలు చేసే భాగం ఆ పాత చిప్‌లో అసలు లేదు. కంపైలరేమో ఉందనుకుని ఆజ్ఞలిస్తోంది. తెలియని ఆజ్ఞ వినేసరికి చిప్ నా వల్ల కాదని పడుకుంటోంది. ఇదంతా నేను అర్థం చేసుకునేలోపే నా భుజం మీంచి తొంగిచూసిన బావకు అందులో ఒక్క మాటే అర్థమైంది.

"ఇల్లీగలా? ఎవరు పంపిన్రు గీ మెసేజు?"

"ఎవరూ పంపలేదు బావా, చిప్పే అంటుంది."

"చిప్పుకెట్ల తెలుస్తది? దొంగ మాలని లోపల రాసి పెట్టిన్రన్నట్టు! నేను తూకానికి కొన్ననే, నాకేం తెల్వదు!" అంటూ షట్టర్ సర్రున కిందికి లాగాడు. పది నిమిషాల్లో గోనెసంచి దుకాణంలో లేదు. ఇంటి ఓనరు తాత మంచం కిందికి చేరింది. తాత క్రైస్తవుల మిషన్ బడిలో చాలా ఏళ్లు పనిచేసి దిగిన మనిషి, ఆదివారం ప్రార్థనలో మైకు, ఇన్వర్టర్ చూసుకునేవాడు. అబద్ధం ఆడడు. అందుకని బావ ఆయనకు సంచిలో ఏముందో చెప్పలేదు. "సామాను" అన్నాడట.

ఇక దారి ఒక్కటే. మా చిప్ కోసం మేమే కొత్త కంపైలర్ తయారు చేసుకోవాలి. చిప్‌కు రాని చుక్క లెక్కలను ప్రోగ్రాంతోనే చేయించాలి. చుక్కను పక్కన పెట్టి, అంకెలను మామూలుగా కలిపి, మళ్లీ చుక్కను దాని చోట పెట్టడం. క్యాలిక్యులేటర్ లేని మనిషి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నట్టే. దీన్ని సాఫ్ట్ ఫ్లోట్ అంటారు, చిప్‌లోనే ఆ భాగముంటే హార్డ్ ఫ్లోట్. లాప్‌టాప్ మీద కూర్చుని వేరే చిప్ కోసం వండుతున్నాం కాబట్టి క్రాస్ కంపైలర్. దాని వెనక వరసగా ఉండే పనిముట్లన్నీ కలిపి టూల్‌చైన్. ముందు కొన్ని పనిముట్లు, వాటితో చిన్న కంపైలర్, దాంతో లైబ్రరీ అనే దినుసుల అర, వాటన్నిటితో అసలు కంపైలర్. (ఇంత బాధెందుకు, అంకెను పదితో గుణించి దాచుకుని, చూపించేటప్పుడు మధ్యలో చుక్క పెడితే ఒక్క పూటలో అయిపోయేది కదమ్మా అని చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్దాయన అన్నాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు.)

ఈ మాటల్లో ఏ ఒక్కటీ మా ఇంట్లో తిన్నగా నిలవలేదు. "ఏం చేస్తున్నవే?" అని అత్త అడిగితే "చైన్ చేస్తున్న అత్తా" అన్నాను. "ఎన్ని తులాలది?" అంది. ఫ్లోటింగ్ అంటే తేలేది అని విడమరిచి చెప్పబోతే ఇంకా చెడింది. "తేలేటిది తాలు గదనే! ఇత్తులు నీళ్లల్ల ఏస్తే తేలినవి పారబోస్తం, మునిగినవి దాస్కుంటం. నువ్వు తేలేటిదాని కోసం ఇన్ని దినాలు కూసున్నవా?" ఇంజినీరింగ్ నాలుగేళ్లలో ఎవరూ నన్ను ఇంత ఇబ్బందికరమైన ప్రశ్న అడగలేదు. తాతతో చేసిన తప్పు ఇంకా పెద్దది. నా తిప్పలు చూసి "ఏం పని బిడ్డా?" అంటే, "క్రాస్ పని తాతా" అన్నాను. ఆయన మొహం వెలిగింది. తల మీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే చిన్న ప్రార్థన చేశాడు. అది ఆ క్రాస్ కాదు తాతా అని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసేశాను. ఆ స్థితిలో ఏ దిక్కు నుంచి వచ్చిన సాయమైనా వద్దనే ధైర్యం నాకు లేదు.

నా సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీద ఆ చైన్ తయారవడానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రమయ్యేది. దాని బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది (బ్యాటరీ మార్చింది బావే, గ్యారంటీతో). కరెంటు పోతే పని ఎక్కడికక్కడ ఆగిపోయేది. ఆ వారం మా వీధిలో స్తంభాలు మారుస్తున్నారు. లైన్‌మన్ స్తంభమెక్కడం కనిపిస్తే చాలు, నాకు ఏడుపొచ్చేది. మొదటిరోజు సగం పని నడిచాక చూసుకుంటే సెట్టింగులో సాఫ్ట్ అని ఉండాల్సిన చోట హార్డ్ అని ఉంది. దిద్దుకుందామనేలోపు కరెంటు పోయింది. వచ్చాక సెట్టింగు దిద్ది, మళ్లీ మొదట్నుంచి ఎవరు చేస్తారని, ఆగిన చోటి నుంచే నడిపించాను. చివర్లో ముక్కలన్నీ అతికించేటప్పుడు అది ఇవీ అవీ పొసగడంలేదని హెచ్చరికల మీద హెచ్చరికలు చేసింది. హెచ్చరికలు రాకుండా నోరు మూయించే స్విచ్ కూడా ఒకటుంది. ఆ స్విచ్ నొక్కాను. బద్ధకానికి తెలివి తోడైతే ఎంత నాశనమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు.

సెంటర్ ఇంకో ఆరు రోజుల్లో తెరుస్తారనగా అత్త మళ్లీ వచ్చింది. మిషన్‌ను పరీక్షించడానికి రెండు సంచులు తెచ్చింది, ఒకటి బాగా ఎండినవి, ఒకటి కొత్తగా కొట్టిన పచ్చివి. డాబా మీద టార్పాలిన్ పరిచి విడివిడిగా రెండు కుప్పలు ఆరబోసింది. నేను కొత్త ప్రోగ్రాం ఎక్కించి ఖాళీ గ్లాసుతో మీట నొక్కాను. శుభ ప్రయాణం, 0.0. సున్నా పక్కన చుక్క! చుక్క పక్కన ఇంకో సున్నా! ఇంత అందమైన శూన్యాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అత్త గుప్పెడు కందులు పోసింది. లాప్‌టాప్ తెర మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. వెనకాల షట్టర్ సర్రుమంది.

ఎవరికీ మొహం చూపించలేక డాబా ఎక్కాను. మూడు వారాల పని, బావ మాట, అత్త పరువు అన్నీ నా చేతిలోనే చెడిపోతున్నాయి. నేను పనికిరానిదాన్నని ఆ నలుగురు ఇంటర్వ్యూవాళ్లకు ముందే తెలుసన్నమాట అనుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంతలో మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. కనీసం ఈ పనైనా సరిగ్గా చేద్దామని కళ్లు తుడుచుకుని రెండు కుప్పలూ ఆదరాబాదరాగా ఊడ్చి ఒకే సంచిలో ఎత్తాను. మూతి కడుతుండగా అత్త పైకి వచ్చింది.

"సాకు, సాకు! ఏం చేసినవే? ఎండినయాట్ల పచ్చియి కలిపినవా?"

"తడుస్తయని జల్దీ జల్దీ..."

"తడిస్తె మల్ల ఎండవోస్తం. కలిపినంక ఏది ఎండిందో ఏది పచ్చిదో దేవునికి గూడ తెల్వది. సంచి మూతి గట్టినవు, ఇగ లోపట అంత బూజువడ్తది. విప్పు. మొత్తం గుమ్మరియ్యి. మల్ల మొదట్నుంచి ఆరవొయ్యాలె."

సంచి మూతి విప్పుతున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. మొదటిరోజు హార్డ్‌గా తయారైన ముక్కలు, ఆ తర్వాత సాఫ్ట్‌గా తయారైనవి, అన్నిటినీ ఒకే సంచిలో పోసి, పైగా నోరు మూసే స్విచ్‌తో మూతి కట్టింది నేనే! ఖాళీ గ్లాసుకు సాఫ్ట్ ముక్కలు సరిపోయాయి. గింజలు పడగానే అసలు లెక్క అవసరమై హార్డ్ ముక్క ఒకటి బయటికొచ్చింది, చిప్ పడుకుంది. "అత్తా, నువ్వు దేవతవు" అని ఆమెను పట్టుకుని ఊపాను. "ముందు గుమ్మరియ్యవే" అంది దేవత.

గుమ్మరించాను. డాబా మీద కందులు, కింద లాప్‌టాప్‌లోని రెండు వారాల చైను, రెండూ. ఇక ఒక్క రోజు కరెంటు పోకుండా ఉండాలి. స్తంభాల పని ఇంకా అవలేదు. తాత దగ్గరికి వెళ్లి తలొంచుకుని ప్రార్థన మైకు ఇన్వర్టర్ ఒక్కరోజు ఇమ్మని అడిగాను. "క్రాస్ పనేనా?" అన్నాడు. ఇక దాచలేకపోయాను. అది శిలువ కాదు తాతా, నేను అబద్ధం చెప్పలేదు గానీ నిజమూ చెప్పలేదు అని ఏడుపు గొంతుతో మొత్తం కక్కేశాను. తాత పకపకా నవ్వాడు.

"నాకు తెల్వదా బిడ్డా? మా ఆడోళ్లు ఎన్నేండ్లు క్రాస్ పత్తి ఇత్తనాలకు పోయిండ్రు. ఒక దగ్గర పుట్టిచ్చి ఇంకో దగ్గర మొలిపించేది. గదే గదా నీది గూడ?"

నాలుగేళ్లు చదివిన నాకన్నా ఆయనే బాగా చెప్పాడు. "మరి ఆ రోజు ప్రార్థనెందుకు చేసినవు తాతా?"

"నువ్వు పరేషాన్ల ఉన్నవు. ప్రార్థనకు గంతకన్న ఏం గావాలె? ఇన్వర్టర్ తీస్కపో. గట్లనే నా మంచం కింద ఉన్న మీ బావ దొంగసామాను గూడ తీస్కపో, కాళ్లకు తాకుతుంది."

మర్నాడు కరెంటు మూడుసార్లు పోయింది. ఇన్వర్టర్ మూడుసార్లూ కాచింది. చీకటి పడకముందే చైన్ తయారైంది, ఒక్క హెచ్చరిక లేకుండా. పోసిన గింజలకు 12.9 అని వచ్చింది. సందు చివరి మిల్లులోనూ అదే వచ్చింది. ఆ సంతోషంలోనే మరోసారి వెతికితే "శుభ ప్రయాణం" దాక్కున్న చోటు కూడా దొరికింది. తీసేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. ఊరికే ఉండనివ్వకుండా పన్నెండు లోపు ఉంటేనే ఆ మాట పడేలా మార్చాను.

అత్త పల్లెకు డబ్బాను పట్టుకుపోయింది. ఐదో రోజు పొద్దున ఫోన్. "ప్రయాణం అంటుందే" అంది. ట్రాక్టర్ వచ్చింది. కేంద్రంలో వాళ్లు గింజలు పోసి చూస్తుంటే బావ కళ్లు మూసుకున్నాడు, నేను బావ చొక్కా పట్టుకున్నాను. వాళ్ల మిషన్ 11.8 అంది, మా డబ్బా ఇంట్లో చెప్పిన అంకే. దించుకోండి అన్నారు. అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూస్తూ మెల్లగా ఒక తిరుగు తిరిగింది. ఇంకెవరూ అంత నెమ్మదిగా తిరగడం నేను చూడలేదు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి అది కమ్మగా ఉంది.

ఆ తర్వాత బావ అలాంటి డబ్బాలు ఇంకొన్ని చేశాడు. కంగ్టి దాకా వెళ్లాయి. ఒక సంగతి మాత్రం నన్ను కుంగదీసింది. ఏ చుక్క కోసం నేను రెండు వారాలు చచ్చానో దాన్ని ఒక్కరూ చూడలేదు. ఎంత వచ్చిందని ఎవరూ అడగరు. "ప్రయాణం అన్నదా, లేదా?" అంతే. అంకె మొత్తం తీసేసినా ఎవరికీ పట్టేది కాదు.

అది కూడా భరించాను. భరించలేనిది ఇంకొకటుంది. మరుసటి ఏడు డబ్బాలో గింజలు పోసే ముందు అత్త ఒక గింజ తీసి పంటి కింద కటుక్కుమనిపించి, "ఇంకొక ఎండ గావాలె" అంది. డబ్బా 12.3 అంది. ఇంకో కుప్పలోంచి ఒకటి కొరికి, "ఇది అయింది" అంది. డబ్బా శుభ ప్రయాణం చెప్పింది.

"అత్తా, నీ పంటికే తెలిస్తే, మొదటిసారి పచ్చిగింజలు ఎట్ల తీసుకపోయినవు?"

"అప్పుడు గూడ నా పన్ను చెప్పింది, పచ్చిగున్నయని. నీ బావే జల్దీ జల్దీ అని ట్రాక్టర్ ఎక్కిచ్చిండు. ఏం గాదమ్మా, గ్యారంటీ అన్నడు."

"మరి గీ డబ్బ ఎందుకు?"

అత్త కొరికిన కంది బద్ద ఉమ్మేసి, దుకాణంలో ఎవరికో గ్యారంటీ ఇస్తున్న కొడుకు వైపు చూసింది. "నా పన్ను మాట వాడు ఇనడు. డబ్బ మాట ఇంటడు."

ఇప్పుడు నేను పనిచేసే చోట గోరంత చిప్‌లో కూడా చుక్క లెక్కల భాగం ఉంటుంది. సాఫ్ట్ ఫ్లోట్ అంటే కొత్త పిల్లలు నన్ను పురాణకాలం మనిషిలా చూస్తారు. అప్పుడప్పుడు వాళ్లలో ఎవరైనా హెచ్చరికల నోరు మూయించి తెచ్చి, ఎందుకు పడిపోతోందో తెలియదంటే, "మొత్తం గుమ్మరియ్యి" అంటాను. అలా అన్నప్పుడల్లా డాబా మీద సంచి మూతి పట్టుకుని ముక్కు తుడుచుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. నలుగురు కాదన్నా ఆమె ఎంత కష్టపడి సాధించిందో తలుచుకుంటే ముద్దొస్తుంది. ఒక తల్లి మాట కొడుకు చెవిన పడటానికి అన్ని గంటల కరెంటు ఖర్చయిందని ఆమెకు మాత్రం ఇప్పుడే చెప్పను.